మోదుగ పూరేకు వెనుక మనిషి : విలియం రాక్స్‌బర్గ్

పోయిన మాఘమాసంలో ఒకనాటి బోటనీ ప్రాక్టికల్సు క్లాసులో మాకు మోదుగ పువ్వు ఇచ్చారు. ఒక్కొక్కరి ముందు ఒక డిసెక్టింగ్ మైక్రోస్కోపు, రెండు సూదులు, ఒక వాచ్ గ్లాసు. డిసెక్టింగ్ మైక్రోస్కోపు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఒక స్తంభం, ఒక గాజు పలక, కింద ఒక అద్దం, పైన ఒకే ఒక కటకం. అందుకే దాన్ని సాధారణ సూక్ష్మదర్శిని అంటారు. పది రెట్లో, ఇరవై రెట్లో పెద్దది చేసి చూపిస్తుంది, అంతే.

మోదుగ నాకు కొత్త చెట్టు కాదు. మా ఇంట్లో పెళ్ళికైనా, తద్దినానికైనా మా అవ్వ మోదుగాకులే విస్తళ్ళు కుట్టేది. పూత మీద ఉన్నప్పుడు దూరం నుంచి చూస్తే గట్టు మీద మంట లేచినట్టుంటుంది. దగ్గరికి పోతే వాసన ఉండదు. ఇంతకు మించి దాన్ని గురించి తెలుసుకోవలసింది ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ రోజు ఒక రేకు తుంచి గాజు పలక మీద పరిచి కటకంలోంచి చూశాను. కంటికి నున్నగా కనిపించే ఆ నారింజ రంగు రేకు మీద వెండి నూగు! పట్టు దారపు పోగుల్లాంటి సన్నని కేశాలు ఒక్క వైపుకు దువ్వినట్టుగా పరుచుకుని ఉన్నాయి. వాటి కింద ఈనెలు, మన కాలువల నుంచి పంటబోదెలు చీలినట్టు, చీలిపోతూ అంచుదాకా పోయాయి. రోజూ చూసే వస్తువును ఇన్నాళ్ళూ చూడనే లేదని అప్పుడు తెలిసింది.

పువ్వును విప్పి రికార్డులో బొమ్మ వేశాక, పోల్చుకోవడానికని మా లెక్చరరు గారు ఒక పాత హెర్బేరియం షీటు చూపించారు. ఎండిపోయిన కొమ్మ కింద బ్యూటియా ఫ్రాండోసా అని పేరు, దాని పక్కన రాక్స్‌బ. అని పొట్టి మాట ఒకటి రాసి ఉంది. ఈ రాక్స్‌బ. ఎవరని ఆయన అడిగితే క్లాసులో ఒక్కరూ చెప్పలేకపోయాం. పరీక్షలో మార్కులు పోతాయని ఆ మూడక్షరాలను బట్టీ పట్టినవాళ్ళమే గాని, అది ఒక మనిషి పేరని ఆలోచించినవాళ్ళం కాము. ఆ సిగ్గే ఈ వ్యాసానికి కారణం.

రాక్స్‌బ. అంటే విలియం రాక్స్‌బర్గ్. భారతదేశపు వృక్షశాస్త్రానికి పితామహుడని శాస్త్రజ్ఞులు చెప్పుకునే మనిషి. ఆయన ఆ పేరు సంపాదించుకున్నది కలకత్తాలోనే అయినా, ఆ పనికి విత్తనం పడింది మాత్రం మన తెలుగు నేలమీద, గోదావరి జిల్లాల సామర్లకోటలో.

బాల్యం - చదువు

రాక్స్‌బర్గ్ 1751వ సంవత్సరంలో స్కాట్లండు దేశంలో ఎయిర్‌షైర్ ప్రాంతపు క్రెయిగీ అనే చోట జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుకున్నాడు. ఆ రోజుల్లో వైద్యానికీ, వృక్షశాస్త్రానికీ మధ్య గోడ లేదు. మందులన్నీ చెట్ల నుంచి రావలసినవే గనుక డాక్టరు కాదలచినవాడు మొక్కలు గుర్తుపట్టక తప్పేది కాదు. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడు స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ కనిపెట్టిన కొత్త వర్గీకరణ పద్ధతిని పాఠం చెప్పేవాడు. పువ్వును విప్పి కేసరాలెన్ని, అవి విడివిడిగా ఉన్నాయా కలిసి ఉన్నాయా, అండకోశం ఎలా ఉంది అని లెక్కపెట్టి మొక్కను దాని తరగతిలో పెట్టడమే ఆ పద్ధతి. మోదుగనే తీసుకోండి. రేకులు ఐదు. వెనక పెద్దది ధ్వజకం, పక్కల రెండు బాహువులు, ముందు రెండు కలిసి పడవలాంటి ద్రోణి. లోపల కేసరాలు పది. అందులో తొమ్మిది ఒక కట్టగా, పదోది ఒంటరిగా ఉంటాయి. ఇవన్నీ ఉట్టి కంటికి తేలవు. కటకం కావాలి.

ఇక్కడొక మాట చెప్పాలి. రెండు మూడు కటకాలు బిగించిన సంయుక్త సూక్ష్మదర్శినులు ఆ కాలానికే వచ్చాయి. కాని వాటిలో చూసిన వస్తువు చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల అంచులు కమ్మి బొమ్మ మసకబారేది. ఆ లోపం సరిదిద్దిన కటకాలు వాడకంలోకి వచ్చింది 1830 ప్రాంతాల్లో. అంతవరకు వృక్షశాస్త్రజ్ఞులు నమ్ముకున్నది ఒంటి కటకపు సాధారణ సూక్ష్మదర్శినినీ, చేతిలో పట్టే భూతద్దాన్నే. హాలండులో గుడ్డల వర్తకుడు లీవెన్‌హుక్ 17వ శతాబ్దంలో క్రిములను చూసిందీ ఒంటి కటకంతోనే. మనం ఫస్టియర్లో వాడి, సెకండియర్లో చిన్నచూపు చూసే పరికరం వంశం అంత గొప్పది.

మద్రాసు తీరానికి

రాక్స్‌బర్గ్ మొదట ఈస్టిండియా కంపెనీ ఓడల్లో డాక్టరుకు సహాయకుడుగా తిరిగాడు. 1776లో మద్రాసులో కంపెనీ వైద్య ఉద్యోగంలో కుదిరాడు. కుదిరిన మొదటి రోజుల నుంచే ఆయనకొక అలవాటు ఉండేది. రోజుకు మూడుసార్లు థర్మామీటరు, బారోమీటరు చూసి, గాలి ఎటు వీస్తోందో, వాన ఎంత పడిందో పుస్తకంలో రాసుకోవడం. ఆ లెక్కలు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో 1778లో అచ్చయ్యాయి. ఎవరూ అడగని లెక్క అది. ఆ అలవాటే తరువాత కరువు రోజుల్లో ఆయన చేత ఒక పెద్ద ఆలోచన చేయించింది.

మద్రాసులోనే ఆయనకు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పరిచయమయ్యాడు. కోనిగ్ సాక్షాత్తు లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడి డేనిష్ మిషను వైద్యుడుగా వచ్చి, ఆర్కాటు నవాబు కొలువులోనూ, తరువాత కంపెనీ కొలువులోనూ ఉండి, ఈ తీరమంతా మొక్కల కోసం తిరిగినవాడు. డబ్బు లేదు, సుఖం లేదు, మొక్కలు తప్ప మరొక ధ్యాస లేదు. రాక్స్‌బర్గ్‌కు మన మొక్కల్లో ఓనమాలు దిద్దించినవాడు ఆయనే అనుకోవచ్చు. ఈ కోనిగ్ 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో జబ్బుపడి చనిపోయాడు. చివరి రోజుల్లో వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గ్. గురువు మొదలుపెట్టిన పని శిష్యుడి చేతికి వచ్చింది.

సామర్లకోట పన్నెండేళ్ళు

1781లో రాక్స్‌బర్గ్‌ను సామర్లకోట దండుకు వైద్యుడుగా వేశారు. దండులో జ్వరాలు చూడడం ఉద్యోగం. మిగతా పొద్దంతా మొక్కలు. రాజమహేంద్రవరం వైపు కొండలెక్కాడు. కోరంగి వైపు ఉప్పుటేర్లు తిరిగాడు. సామర్లకోటలో ఒక ప్రయోగపు తోట వేశాడు. కాఫీ, మిరియాలు, దాల్చిన చెక్క, పట్టుపురుగుల కోసం మల్బరీ, దూరదేశాల నుంచి తెప్పించిన సీమపనస, ఇలాంటివన్నీ అందులో నాటి ఈ నేలకు ఏది ఒప్పుతుందో చూశాడు. రాజమహేంద్రవరం కొండల్లో మిరియపు తీగ తనంతట తాను పెరుగుతున్నదని తెలుసుకుని ఆ తీగలు తెప్పించి నాటించాడు.

ఈ పనిలో ఆయనకు పెద్ద దెబ్బ ఒకటి తగిలింది. 1780ల్లో ఆ తీరాన వచ్చిన ఉప్పెనలో ఆయన పోగుచేసుకున్న మొక్కలు, పుస్తకాలు, కాగితాలు అన్నీ కొట్టుకుపోయాయి. ఇంటిల్లిపాదీ ప్రాణాలతో బయటపడడమే గగనమయింది. ఉప్పెన అంటే ఏమిటో మన తీరం వాళ్ళకు చెప్పనక్కర లేదు. 1977 నవంబరులో దివిసీమలో ఏం జరిగిందో మన పెద్దలు ఈనాటికీ చెప్పుకుంటారు. ఏళ్ళ తరబడి చేసిన పని ఒక్క రాత్రిలో నీళ్ళ పాలయితే మరొకడయితే ఓడెక్కి ఇంటికి పోయేవాడు. రాక్స్‌బర్గ్ మళ్ళీ ఒకటో మొక్క నుంచి మొదలుపెట్టాడు.

ఈసారి ఆయన ఎండు మొక్కలతో ఊరుకోలేదు. మన దేశపు చిత్రకారులను జీతమిచ్చి పెట్టుకున్నాడు. కొమ్మ తాజాగా ఉండగానే ఎదురుగా పెట్టుకుని, ఉన్నది ఉన్నంత కొలతలో, ఉన్న రంగులో బొమ్మ వెయ్యాలి. కింద పువ్వును విప్పి రేకులు, కేసరాలు, అండకోశం, గింజ విడివిడిగా, చిన్నవాటిని పెద్దవిగా చేసి వెయ్యాలి. అంటే మనం ప్రాక్టికల్ రికార్డులో వేసేదే, వెయ్యి రెట్లు శ్రద్ధగా. 1790 నాటికే ఇలాంటి బొమ్మలు 700 తయారయ్యాయి. వాటి నుంచి 300 ఏరి, లండన్‌లో సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో కోరమాండల్ తీరపు మొక్కలు అనే పేరుతో మూడు పెద్ద సంపుటాలుగా అచ్చువేశారు. మొదటి భాగం 1795లో వచ్చింది. చివరి భాగాలు వచ్చేసరికి రాక్స్‌బర్గ్ లేడు.

ఇంత చేసిన ఆ చిత్రకారుల పేర్లు ఆ పుస్తకం మీద లేవు. దొర పేరుంది, లండన్‌లో అచ్చొత్తించినవారి పేరుంది. కుంచె పట్టినవాడి పేరు లేదు. అలాగే ఏ కొండలో ఏ చెట్టుందో చూపించినవాళ్ళ పేర్లూ, దాని బెరడు దేనికి పనికొస్తుందో చెప్పినవాళ్ళ పేర్లూ లేవు. అయితే వాళ్ళ మాటలు మాత్రం మిగిలాయి. ఎట్లాగంటే, రాక్స్‌బర్గ్ తన గ్రంథాల్లో లాటిన్ పేరుతో పాటు తెలుగు పేరును కూడా రాస్తూ పోయాడు. సోమిద చెట్టునే చూడండి. దాని బెరడు జ్వరానికి వాడతారని తెలుసుకుని, దక్షిణ అమెరికా నుంచి ఎంతో ఖర్చుపెట్టి తెప్పించే సింకోనా బెరడుకు బదులు ఇది పనికొస్తుందేమో చూడమని ఆయన రాశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు జాతికి సోయ్‌మిడా అనే పేరే ఖాయం చేశారు. ప్రపంచంలో ఏ దేశపు విద్యార్థి అయినా ఆ పేరు పలికితే మన తెలుగు మాట పలికినట్టే.

రైతుల దగ్గర శిష్యరికం

రాక్స్‌బర్గ్ రాసిన వాటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది అడవి మొక్కల సంగతి కాదు, చెరకు సంగతి. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో ఏలేరు ఒడ్డున రైతులు చెరకు ఎలా పండిస్తారో ఆయన పక్కన నిలబడి చూసి, దుక్కి నుంచి బెల్లం దాకా వివరంగా రాశాడు. గడ మూడడుగులు ఎదిగాక కింది ఆకులను గడకే చుట్టడం, కుదురు మధ్య ఎనిమిది పదడుగుల వెదురు పాతి గడలను దానికి కట్టడం, వానకాలంలో నీరు నిలవకుండా బోదెలు తియ్యడం, ఇవన్నీ వదలకుండా రాశాడు. ఒకసారి చెరకు వేసిన నేలలో వెంటనే మళ్ళీ వెయ్యరనీ, చెరకు సారం లాగేస్తుంది గనుక రెండు మూడేళ్ళు వేరే పైర్లు వేసి నేలకు విశ్రాంతి ఇస్తారనీ రాశాడు. మనం అగ్రానమీ పుస్తకంలో పంటమార్పిడి అని చదివేది ఇదే గదా! ఇది పుస్తకాల నుంచి మన పొలాల్లోకి వచ్చిందనుకుంటాం. నిజానికి పొలాల నుంచి పుస్తకాల్లోకి పోయింది. మా నాయన నిమ్మతోటలో చేసే పనుల్లో కారణం అడిగితే చెప్పలేనివి ఎన్నో ఉన్నాయి. చెప్పలేనంత మాత్రాన కారణం లేదని కాదని ఇది చదివాక అర్థమయింది.

అద్దకపు రంగుల విషయంలోనూ ఆయన ఇలాగే చేశాడు. సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో చిరివేరు అనే చిన్న మొక్క పెరుగుతుంది. నేలమీద నాలుగు వేళ్ళ ఎత్తు కూడా కనిపించదు గాని, దాని వేరు ఇసుకలోకి పొడుగ్గా దిగుతుంది. కోరమాండల్ కలంకారీ గుడ్డల ఎరుపంతా ఆ వేరుదే. ఆ మొక్క వివరాలు, సాగు, అద్దకం పద్ధతి ఆయన రాసిపెట్టాడు. సాగుచేసిన దానికంటే ఇసుక దిబ్బల్లో తనంతట పెరిగిన వేరే మేలని అద్దకంవాళ్ళు అనేదీ రాశాడు. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకులను వేడినీళ్ళలో నానబెట్టి నీలిమందు తియ్యవచ్చునని ప్రయోగం చేసి చూపించాడు.

మళ్ళీ మోదుగ దగ్గరికి వస్తాను. మోదుగ పూరేకుల కషాయంలో పటిక వేసి నూలుగుడ్డను ముంచితే మంచి పసుపు రంగు పట్టుతుందనీ, క్షారం కలిపితే ఆ పసుపు ముదురు నారింజ ఎరుపుగా మారుతుందనీ ఆయన రాశాడు. ఇది చదివి నేనూ నా మిత్రుడూ కెమిస్ట్రీ లాబులో రేకులు మరగబెట్టి, కొంచెం సోడా వేసి చూశాం. రెండు శతాబ్దాలు గడిచినా పువ్వు మాట తప్పలేదు. మా పరీక్షనాళికలోనూ పసుపు ఎరుపయింది.

కరువు రోజులు

1789 నుంచి 1792 వరకు ఉత్తర సర్కారుల్లో వానలు తప్పాయి. ఒక ఏడు కాదు, వరసగా. దక్కన్‌లో ఇదే పుర్రెల కరువుగా చరిత్రకెక్కింది. దారుల పక్క పడిపోయినవాళ్ళను పూడ్చేవాళ్ళు కూడా లేక ఎముకలు తేలినందువల్ల ఆ పేరు వచ్చిందంటారు. రాక్స్‌బర్గ్ దీన్ని కళ్ళారా చూశాడు. ఆయన దగ్గర మద్రాసు నుంచి మొదలుపెట్టి ఏళ్ళ తరబడి రాసిన వాన లెక్కలున్నాయి. అవి తిరగేశాడు. అది చాలదని పిఠాపురం వైపు పెద్దలను పాత కరువుల సంగతి విచారించాడు. 17వ శతాబ్దం చివర కూడా ఇలాగే వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయని తెలిసింది. అంటే కరువు దేవుడి కోపం కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రకృతి ధర్మం, కనుక ముందుగా సిద్ధపడవచ్చును అనే ఆలోచన ఆయనకు కలిగింది. 1789-93 మధ్య పసిఫిక్ సముద్రంలో బలమైన ఎల్‌నినో వచ్చిందని ఇప్పటి శాస్త్రజ్ఞులు తేల్చినప్పుడు వాళ్ళకు ఆధారమైన కాగితాల్లో రాక్స్‌బర్గ్ రాతలు కూడా ఉన్నాయి.

ఆయన సూచించిన ఉపాయం రైతుకు అర్థమయ్యేది. వరి వానను నమ్ముకుంటుంది. వాన తప్పితే వరి తప్పుతుంది. కాని లోతుగా వేళ్ళు పోయే చెట్టు ఒకటి రెండేళ్ళు ఓర్చుకుంటుంది. కాబట్టి రోడ్ల పక్క, చెరువుకట్టల మీద, కాలువగట్ల మీద కొబ్బరి, తాడి, ఈత, పనస, అరటి, సీమపనస లాంటి తిండి చెట్లను విరివిగా నాటించాలని కంపెనీ వారికి రాశాడు. ఆ సలహా అంతా అమలు జరగలేదు.

ఇక్కడ నా మనసులో ఉన్న ఒక చిక్కు దాచకుండా చెప్పాలి. రాక్స్‌బర్గ్ కంపెనీ నౌకరు. ఆ కంపెనీయే కరువులో కూడా శిస్తు కోసం చూసుకున్నది. మిరియాలయినా, నీలిమందయినా, జ్వరపు బెరడయినా పరాయి దేశాలకు పోసే డబ్బు కంపెనీకి మిగలాలన్నదే ఆ తోటల వెనుక ఉద్దేశం. ఏలేరు రైతు చెప్పిన చెరకు రహస్యం లండన్ వర్తకుడికి చేరిందే గాని, ఆ రైతుకు తిరిగి దక్కింది లేదు. మరి ఇలాంటి మనిషిని మనం తలచుకోవాలా? ఈ ప్రశ్న హాస్టల్లో మా మధ్య రెండు మూడు రాత్రులు నలిగింది. నాకు తోచింది ఇది. యజమాని కోసం చేసిన పని యజమానితో పోయింది. నిజం కోసం చేసిన పని అందరిదీ అయింది. కంపెనీ లేదు, దాని లాభాల లెక్కలు లేవు. కాని కేసరాలు లెక్కపెట్టి రాసిన వాక్యం, ఆకలితో ఉన్నవాణ్ణి చూసి రాసిన సలహా, తుడిచెయ్యకుండా నిలబెట్టిన తెలుగు పేరు ఉన్నాయి. వాటిని తీసుకోవడంలో తప్పు లేదు. తీసుకుంటూ, పేరు లేకుండా పోయినవాళ్ళను కూడా తలచుకుంటే సరిపోతుంది.

కలకత్తా తోట - చివరి రోజులు

1793లో కలకత్తా కంపెనీ తోట స్థాపకుడు రాబర్ట్ కిడ్ చనిపోయాడు. ఆ స్థానంలోకి రాక్స్‌బర్గ్‌ను పిలిచారు. సామర్లకోట తోటను బెంజమిన్ హైన్ అనే మరో వైద్యుడికి అప్పగించి ఆయన హుగ్లీ ఒడ్డుకు చేరాడు. అక్కడ ఇరవై ఏళ్ళు పనిచేశాడు. చేరేనాటికి సుమారు 300 రకాలున్న తోటను 3500 రకాలకు పెంచాడు. జనుము, గోగు లాంటి నార మొక్కల మీద పరీక్షలు చేసి ఏ నార ఎంత బరువు ఆపుతుందో లెక్కకట్టాడు. ఈ పనులకు లండన్‌లోని ఆర్ట్స్ సొసైటీ ఆయనకు మూడుసార్లు బంగారు పతకమిచ్చింది. చిత్రకారులు అక్కడా ఆయన వెంటే ఉన్నారు. బొమ్మలు రెండున్నర వేలు దాటాయి. అవి ఇప్పటికీ కలకత్తాలో భద్రంగా ఉన్నాయి. వాటి ప్రతులు లండన్‌లోని క్యూ తోటలో ఉన్నాయి.

ఆరోగ్యం పాడయి 1813లో ఆయన ఇండియా విడిచాడు. దారిలో సెయింట్ హెలీనా దీవిలో గాలిమార్పు కోసం కొన్ని నెలలు ఆగాడు. జబ్బు మనిషి ఊరుకున్నాడా? ఆ దీవి మొక్కలన్నిటికీ జాబితా తయారుచేశాడు. 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన జీవితకాలపు గ్రంథం ఫ్లోరా ఇండికా ఇంకా రాతప్రతిగానే ఉంది. సీరాంపూరులో ఉన్న మిత్రుడు విలియం కేరీ 1814లో కలకత్తా తోట మొక్కల జాబితాను అచ్చువేశాడు. 1820, 1824లో ఫ్లోరా ఇండికా రెండు భాగాలు వెలువరించి, చివరకు 1832లో రాక్స్‌బర్గ్ రాసింది రాసినట్టుగా మొత్తం గ్రంథాన్ని మూడు సంపుటాల్లో తెచ్చాడు. స్నేహమంటే అది.

పేరు పోయింది, పని పోలేదు

చివరగా ఒక విచిత్రం. మా పాత షీటు మీద ఉన్న బ్యూటియా ఫ్రాండోసా అనే పేరు ఈనాటి పుస్తకాల్లో లేదు. ఇప్పుడు మోదుగను బ్యూటియా మోనోస్పెర్మా అంటారు. ఎందుకంటే ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లామార్క్ 1785లోనే మోనోస్పెర్మా అనే పేరు పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరే చెల్లాలన్నది శాస్త్రంలో రూలు. కనుక మోదుగ పక్కన రాక్స్‌బ. చెరిగిపోయింది. కాని బీడీలు చుట్టే తునికి పక్కన, మద్దెలకు వాడే ఏగిస పక్కన, జిట్టేగి పక్కన, నారవేప పక్కన ఆ మాట అలాగే ఉంది. ఏటి ఒడ్డు తెల్లమద్ది పేరులోనూ ఉంది. మన వెలుగొండల ఎర్రచందనం మాత్రం లిన్నేయస్ కుమారుడి పేరు మీద ఉంది. ఒక మనిషి పెట్టిన పేరు తప్పయితే కొట్టేస్తారు, సరయితే ఉంచుతారు. కోపతాపాలు లేవు. శాస్త్రంలో నాకు నచ్చిన న్యాయం ఇది.

మిత్రులకు ఒక్క మనవి. మన కళాశాల ఆవరణలో వేప, కానుగ, మోదుగ, మద్ది ఉన్నాయి. వాటి లాటిన్ పేర్లు పరీక్షకని నేర్చుకుంటున్నాం. తెలుగు పేర్లు మాత్రం మన నాయనలకు తెలిసినన్ని మనకు తెలియవు, మన తరువాతివాళ్ళకు అసలే తెలియవు. రెండు శతాబ్దాల కిందట సముద్రాలు దాటి వచ్చిన ఒక మనిషి పల్లెటూరి వాళ్ళను అడిగి, ఆ పేర్లు రాసుకున్నాడు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మనం తలా పది మొక్కల పేర్లు, వాటి వాడకం మన పెద్దలను అడిగి, ఎవరు చెప్పారో వాళ్ళ పేరుతో సహా నోటుబుక్కులో రాసుకు రాలేమా? యూనియన్ తరఫున వాటిని ఒకచోట చేర్చి, చెట్లకు పలకలు కట్టవచ్చు. పెద్ద ఖర్చుండదు. నేను మొదలుపెట్టాను. మా అవ్వ చెప్పిన మొదటి పేరు మోదుగ. దాని పక్కన మా అవ్వ పేరు రాశాను.